గిన్నె మోగనివ్వండి

రెండేళ్ల పిల్లాడు స్టీలు గిన్నె మీద గరిటెతో దరువేస్తుంటే మన నోట వచ్చే మొదటి మాట 'ఆపరా!'. వాడు ఆపడు. ఇంకో దెబ్బ వేస్తాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా. చెయ్యి ఎంత ఊపితే ఎంత మోత వస్తుందో తేల్చుకునే పనిలో ఉన్నాడు వాడు. గరిటె లాక్కోకండి. మీరూ ఒకటి తెచ్చుకుని పక్కన కూర్చోండి.

ముందు వాడితో పాటు ధనధనా వాయించండి. 'ఏనుగొస్తోంది!' అని కాళ్లు దభాలున వెయ్యండి. ఉన్నట్టుండి గరిటె కొసతో టిక్ టిక్‌మనిపించి, లోగొంతుతో 'చీమొస్తోంది' అనండి. వాడి కళ్లు పెద్దవవుతాయి, చెవులు రిక్కిస్తాడు. పిల్లల్ని పట్టి నిలిపేది ఆ మార్పే. పాశ్చాత్య సంగీతకర్త హైడన్ 1791లో కూర్చిన ఒక సింఫనీలో హాయిగా సాగే బాణీ మధ్య ఒక్కసారిగా పెద్ద మోత మోగుతుంది. దానికి 'సర్‌ప్రైజ్' అనే పేరే స్థిరపడింది. పెద్దవాళ్లనే ఉలిక్కిపడేలా చేసే కిటుకు మీ బుజ్జిగాడి దగ్గర పారదా?

ఒక తిరకాసు ఉంది. గొంతు తగ్గించి పాడమంటే పిల్లలు తరచూ పాటనే సాగదీస్తారు, గట్టిగా పాడమంటే పరుగు పెట్టిస్తారు. తప్పని దిద్దొద్దు. చప్పట్ల వేగం మారకుండా తాళం వేస్తూ అదే పాటను ఒకసారి గొంతెత్తి, ఒకసారి గుసగుసగా పాడండి. తేడా వాడి చెవికే చిక్కుతుంది.

మరియా మాంటిసోరీ పద్ధతిలో శబ్దపు డబ్బాలుంటాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఊపితే ఒక్కో జత ఒక్కో మోతాదులో మోగుతుంది. ఇంట్లో అయితే శనగలు, బియ్యం, రవ్వ చాలు. మూత బిగించి టేపు చుట్టాకే చేతికివ్వండి, ఆ వయసులో గింజ కనిపిస్తే నోట్లోకే. జతలు కలపడానికి మూడేళ్లు దగ్గరపడాలి, అంతదాకా ఊపుకోనివ్వండి.

1939లో మద్రాసు వచ్చి మన ఉపాధ్యాయులకూ శిక్షణ ఇచ్చిన మాంటిసోరీ పద్ధతిలోనే మరో ఆట ఉంది. నా ఓటు దానికే. పిల్లలంతా కదలకుండా కూర్చుంటారు. టీచరమ్మ వెనక నుంచి ఒక్కొక్కరి పేరు గుసగుసగా పిలుస్తుంది. పేరు వినబడినవాళ్లు చప్పుడు కాకుండా లేచి వెళ్లాలి. నిశ్శబ్దం ఇక్కడ శిక్ష కాదు, గెలుపు. పడుకోబోయే ముందు ఇంట్లో ఆడి చూడండి. నిమిషం కూర్చున్నా గొప్పే.

వంటింట్లోంచి 'అరవకురా' అని అరిచే అమ్మానాన్నలకు ఈ ఆటలు పని చేయవు. టీవీ సౌండు తగ్గించి, దగ్గరికెళ్లి, వాడి ఎత్తుకు వంగి చెప్పాలి. బ్యాటరీ బొమ్మలు కొనేటప్పుడు మీ చెవి దగ్గర మోగించి చూసుకోండి. మీకే చిరాకు పుట్టిస్తే పక్కన పెట్టండి. ఇప్పటికే కొనేసి ఉంటే స్పీకరు చిల్లుల మీద టేపు అంటించండి, మోత తగ్గుతుంది.

ఈ ఆటల్లో ఇంకో లాభం కూడా ఉంది: ఆడుతుంటేనే వాడి వినికిడి మీద మీకో అంచనా వస్తుంది. వెనక నుంచి మెల్లగా పదే పదే పిలిచినప్పుడు వాడు తిరగకపోయినా, చిన్న చప్పుళ్లకు ఎప్పుడూ ఉలకకపోయినా 'పెద్దయితే అదే సర్దుకుంటుంది' అనుకోకండి. పిల్లల డాక్టరుకు చెప్పి వినికిడి పరీక్ష చేయించండి.