మాట పుట్టిల్లు తెలిస్తే

సూరత్‌కు దక్షిణాన ఉన్న సచిన్‌లో మా శాఖ. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ మనవాళ్లు, గుజరాతీ వ్యాపారులు, హిందీ మాట్లాడే కార్మికులు ఒకే కౌంటర్ ముందు నిలబడతారు. తెలియని మాట వినబడితే ఏ పుస్తకం తీయాలి? నేను పాటించే పద్ధతి ఒకటే. ముందు ఆ మాట పుట్టిల్లు కనుక్కుంటాను.

కచేరీ మాటలు: జమ, బాకీ, వసూలు, జామీను అరబ్బీ నుంచి మనకు చేరినవి. ఇలాంటి అన్యదేశ్యాల కోసమే సి.పి. బ్రౌన్ 1854లో విడిగా ఒక నిఘంటువు వేశారు.

ఇరుగుపొరుగు మాటలు: ఒకసారి ఒక మగ్గం కార్మికుడు బావమరిది అప్పు కాగితాలపై సంతకం చేయడానికి వచ్చాడు. 'జామీన్‌దార్' అన్న మాట విని, "నాకు ఇక్కడ జమీనే లేదు, సంతకం పెడితే నాకేం పోతుంది సార్?" అన్నాడు. గుజరాతీలో జమీన్ అంటే నేల, జామీన్ అంటే పూచీ. తేడా ఒక్క దీర్ఘమే. బావమరిది కట్టకపోతే బాకీ తన మీదికి వస్తుందని చెప్పగానే, ఇంట్లో మాట్లాడి వస్తానని వెళ్లాడు. గుజరాతీ మాటలకు పెద్ద దిక్కు 'భగవద్‌గోమండల్'. గోండల్ మహారాజు భగవత్‌సింహ్‌జీ తలపెట్టిన ఈ తొమ్మిది సంపుటాల కోశం 1944–1955 మధ్య వెలువడింది.

వృత్తి మాటలు: మనవాళ్ల పడుగు, పేకలే ఇక్కడి తాణో, వాణో. ఇలాంటి మాటలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన 'మాండలిక వృత్తిపదకోశం' చూడాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ సంపుటం, 1971లో చేనేత సంపుటం వచ్చాయి.

లాటిన్ మాటలు: కొన్ని బ్యాంకులు కలిసి ఇచ్చే అప్పు పత్రాల్లో 'పారీ పాసు' కనిపిస్తుంది. 'సమానమైన అడుగుతో' అని దాని అర్థం. తాకట్టు ఆస్తి అమ్మితే ఏ బ్యాంకుకూ ముందు వరస ఉండదు. ఎవరి బాకీని బట్టి వారికి వాటా వస్తుంది. 1891లో తొలిసారి వచ్చిన 'బ్లాక్స్ లా డిక్షనరీ' ఇలాంటి మాటలకు పనికొస్తుంది. రెండు మాటలనూ విడగొట్టకుండా, జంటగానే వెతకాలి.

ఇంట్లో పిల్లలతో పాస్‌బుక్ తెరిచి, ఏ మాట ఎక్కడిదో వెతికించండి. కొత్త మాటను ఒంటరిగా కాక, అది వచ్చిన వాక్యంతో సహా రాయించండి. నిఘంటువు నాలుగు అర్థాలు చూపితే, వాటిలో మనకు కావలసినదేదో ఆ వాక్యమే చెబుతుంది.