గ్రహణం మొర్రి: పెదవి కుట్టించాక కూడా వైద్యం మిగిలే ఉంటుంది

డాక్టర్ "అర్థమైందా?" అని అడిగితే చాలామంది "ఆ, అయిందండీ" అని తలూపి వచ్చేస్తాం. ఇంటికొచ్చాక అత్తగారు "మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు? ఎందుకు రమ్మన్నారు?" అంటే చెప్పలేం. పెదవి కలిసి బిడ్డ ముఖం బాగుంటే పని అయిపోయిందనుకుంటాం. కానీ అంగిలి చీలిక నోటి లోపల ఉంటుంది, పైకి కనబడదు. దాన్ని వదిలేస్తే మాట ముక్కులోంచి వస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ సరిచేయడం కష్టం.

గ్రహణం వల్ల వస్తుందా?

రాదు. గర్భం మొదటి మూడు నెలల్లో పెదవి, అంగిలి భాగాలు సరిగా కలవకపోతే వస్తుంది. గ్రహణం రోజు తల్లి కత్తి పట్టుకున్నందుకు రాదు. తల్లిని ఎవరూ తప్పుపట్టొద్దు.

ఏ వయసులో ఏం చేస్తారు?

• పుట్టగానే: తల పైకి ఎత్తి పట్టుకుని, పిండిన తల్లిపాలు ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టడం నేర్పిస్తారు.
• 3 నుంచి 6 నెలలు: పెదవి ఆపరేషన్. బరువు సుమారు 4.5 కిలోలు, రక్తం 10 గ్రాములు ఉన్నాయా అని చూస్తారు. తక్కువుంటే వాయిదా వేస్తారు. వద్దన్నారనుకుని మానేయొద్దు.
• 9 నుంచి 18 నెలలు: అంగిలి ఆపరేషన్.
• మాటలు వచ్చే వయసు: స్పీచ్ థెరపీ, చెవి పరీక్ష. అంగిలి చీలిక ఉన్న పిల్లలకు చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గొచ్చు.
• 7 నుంచి 11 ఏళ్లు: చిగురులో కూడా చీలిక ఉంటే అక్కడ ఎముక పెట్టడం, పళ్ల వరుస సరిచేయడం.

అందరికీ అన్నీ అవసరం ఉండవు. మీ బిడ్డకు ఏవి కావాలో అడిగి రాయించుకోండి.

ఎవరిని కలవాలి?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తాయి. ఊళ్లో ఆశా కార్యకర్తకు చెప్పినా దారి చూపిస్తారు. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్న ఆసుపత్రికి వెళ్తే ముందుగా అక్కడి మిత్ర డెస్క్‌లో కార్డు చూపించండి. "తర్వాతి ఆపరేషన్‌కు మళ్లీ అనుమతి తీసుకోవాలా? స్పీచ్ థెరపీ ఎక్కడ ఇస్తారు?" అని అడగండి.

గది దాటే ముందు

"డాక్టరుగారూ, నాకు అర్థమైంది చెబుతాను, తప్పైతే చెప్పండి" అని ఈ నాలుగూ మీ మాటల్లో చెప్పండి:

1. ఇప్పుడు ఏం చేశారు?
2. ఇంకా ఏం మిగిలింది?
3. మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి రావాలి?
4. ఇంట్లో ఏం కనబడితే వెంటనే రావాలి?

ఇలా అడగడం నామోషీ కాదు. బిడ్డకు ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక వాళ్లనే అడగనివ్వండి. ఆ పెదవి, ఆ మాట వాళ్లవే కదా.

కాగితాలన్నీ ఒకే కవర్లో పెట్టి ఫోన్లో ఫొటో తీసుకోండి. పనికోసం వేరే ఊరు వెళ్లినా అవి వెంట ఉంటే వైద్యం ఆగిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు.