ఉమ్మడి ఫ్రిజ్: యెషీవా విద్యార్థుల మర్యాద

యూదుల మతవిద్యాలయమునకు యెషీవా అని పేరు. అచ్చటి వసతిగృహములలో పలువురు బాలురు ఒకే ఫ్రిజ్ నుపయోగించుట కలదు. ఒకని పాలు, వేరొకని మాంసము, మూడవవానికి ఇంటినుండి వచ్చిన వంటకము అందే యుండును. పదిమంది ఒక పెట్టెను పంచుకొనుట ఏ వసతిగృహమునందైనను కలహహేతువే. యూదబాలురకో, కలహముతోపాటు ధర్మశాస్త్రమును చూచుకొనవలసి వచ్చును.

మేకపిల్లను దాని తల్లిపాలలో వండరాదను విధి నిర్గమకాండమున రెండుమారులు, ద్వితీయోపదేశకాండమున నొకమారు కానవచ్చును. దీనినిబట్టి వారి పండితులు మాంసమును పాలపదార్థములతో కలిపి వండుటయు తినుటయు నిషేధించిరి. కావున ఫ్రిజ్‌లో పాలకొక అర, మాంసమునకొక అర యుండుట మేలు. మూతలేని గిన్నె పెట్టువాడు, దానినుండి యొక చుక్క క్రిందికి జారినచో, తన భోజనమునేగాక పరుని భోజనమునుగూడ సందేహమున పడవేయును. పండ్లు, కూరగాయలు, గ్రుడ్లు పారెవ్ అను మూడవ తెగకు చెందినవి. అవి యెచ్చటనున్నను చెల్లును.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ఆకలిగొన్నవాడు స్నేహితుని రొట్టెను అడుగకయే తిని, “వాడేమియు అనుకొనడులే” యనవచ్చునా? తల్మూదునందలి బావా మెట్సియాలో, దొరికిన సొత్తునుగూర్చిన అధ్యాయమున, దీనికి సరిపోవు కథ యొకటి గలదు. అమేమార్, మార్ జుత్రా, రవ్ అషి అను మువ్వురు పండితులు మారీ బర్ ఇసాక్ తోటకు పోగా, పాలికాపు ఖర్జూరములును దానిమ్మపండ్లును తెచ్చి వారి ముందుంచెను. ఇరువురు తినిరి, మార్ జుత్రా ముట్టలేదు. అంతలో యజమాని వచ్చి, ఇంతకంటె మంచివి ఏల తేలేదని పాలికాపు నడిగెను. అప్పటికిని మార్ జుత్రా తినలేదు. సిగ్గుచేతనే యజమాని యట్లు పలికెనని యతని వాదము. ఎంత సూక్ష్మమైన యోచన! “తినుము, పరవాలేదు” అని మొగమోటముచేత పలుకనివారు మనలో నెందరు?

యజమానికి తెలియకమునుపే వాని సమ్మతిని ఊహించి తీసికొనరాదని తరువాతి వ్యాఖ్యాతలు కొందరనిరి. సమ్మతి నిశ్చయమైనచో దోషములేదని 17వ శతాబ్దపు షబ్బతై కోహెన్ వాదించెను. నాకు మొదటి పక్షమే క్షేమముగా తోచుచున్నది; ఆకలియున్నప్పుడు పరుని సమ్మతి మనకు మిక్కిలి సులభముగా నిశ్చయమగును గదా. మేలమాడుటకై తీసి దాచుటయు దొంగతనమే యని తల్మూదు తీర్పు. కావున ప్రతివాడును తన పాత్రపై పేరును తేదీని వ్రాయవలయును. ఇన్ని దినములు దాటినది అందరి సొత్తు అని ముందే అందరును ఒప్పుకొన్నచో, ఊహింపవలసిన పనియే యుండదు.

శుక్రవారము సూర్యాస్తమయమునకు ముందే ఫ్రిజ్ లోపలి దీపము వెలుగకుండ చేయవలయును. లేనిచో తలుపు తెరచినంతనే దీపము వెలుగును. విశ్రాంతిదినమున అది నిషిద్ధము. ఒక్కని మరపు వసతిగృహమంతటికిని ఇబ్బంది. పస్కా పండుగకు ఇండ్లకు పోవు బాలురు తమ రొట్టెముక్కలను వెదకి తీసివేసి మరి పోవలయును. యూదుని సొత్తుగా ఆ పండుగదినములు గడచిన పులిసిన పదార్థము, పండుగ ముగిసినను, వారిలో నెవ్వరికిని భోజ్యము కాదు.