ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? పోర్ట్ బ్లెయిర్ చెప్పే జవాబు

తండ్రి తాగుబోతయితే కొడుకూ అంతే అవుతాడని, తల్లి కోపిష్ఠి అయితే కూతురికీ అదే కోపం వస్తుందని ఊళ్లలో అనుకోవడం మామూలే. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అన్న సామెత పుట్టింది ఈ నమ్మకంలోంచే. ఇది ఎంతవరకు నిజం? తల్లిదండ్రుల నడవడి పిల్లలకు ఎంత మేరకు, ఏ దారిలో చేరుతుంది? ఈ ప్రశ్నను పరిశీలించడానికి అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ను మించిన చోటు మన దేశంలో దొరకడం కష్టం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ పట్టణంలో ఒకప్పుడు ఒక తరం పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు శిక్ష పడిన ఖైదీలే.

ఖైదీల ఊరు, ఖైదీల పిల్లలు

1857 తిరుగుబాటును అణచివేశాక, 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ చేరాడు. తిరుగుబాటుదారుల తర్వాత హత్య, దోపిడీ వంటి నేరాలకు ద్వీపాంతర శిక్ష పడిన వారిని ఏటా ఇక్కడికి తరలించారు. మనకు బాగా తెలిసిన సెల్యులార్ జైలు నిర్మాణం మొదలైంది 1896లో. అప్పటికే దాని చుట్టూ గోడలు లేని జైలు వంటి ఒక పెద్ద వలస పెరిగి ఉంది.

ఆ వలసకు ఒక ప్రత్యేకమైన నియమం ఉండేది. సుమారు పదేళ్లు సత్ప్రవర్తనతో పనిచేసిన ఖైదీకి ‘టికెట్ ఆఫ్ లీవ్’ ఇచ్చేవారు. అప్పటి నుంచి అతను ‘సెల్ఫ్ సపోర్టర్’. పొలం చేసుకోవచ్చు, పశువులను పెంచుకోవచ్చు, స్వదేశం నుంచి కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు. లేదా అక్కడి మహిళా ఖైదీని పెళ్లి చేసుకోవచ్చు. దీవి దాటి పోవడానికి మాత్రం వీల్లేదు. ఖైదీలను దారిలో పెట్టడానికి పెళ్లిని, సంసారాన్ని ఒక పనిముట్టుగా ప్రభుత్వం చూసిందని చరిత్రకారుడు సతద్రు సేన్ వంటివారు వివరించారు.

ఈ జంటలకు పుట్టిన పిల్లలకు ‘లోకల్ బోర్న్’ అని పేరు వచ్చింది. అధికారులకు వారి విషయంలో పెద్ద బెంగే ఉండేది. నేరస్వభావం పుట్టుకతోనే వస్తుందన్న వాదన బలంగా ఉన్న రోజులవి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. 1876లో ఇటలీ వైద్యుడు లాంబ్రోసో ‘పుట్టు నేరస్థుడి’ని ముఖకవళికల్లో గుర్తుపట్టవచ్చని రాశాడు. 1877లో అమెరికాలో డగ్డేల్ ఒకే కుటుంబంలో తరతరాలుగా సాగిన నేరాల మీద పుస్తకం వేశాడు. ఆ లెక్కన తల్లీ తండ్రీ ఇద్దరూ నేరస్థులైతే పిల్లలు రెండింతలు నేరస్థులు కావాలి.

అలా జరగలేదు. లోకల్ బోర్న్ పిల్లలు చురుకైనవారని, తెలివైనవారని, ఆరోగ్యవంతులని 20వ శతాబ్దం తొలినాళ్ల ప్రభుత్వ గెజిటీర్ నమోదు చేసింది. హింస, దొంగతనం వైపు వారిలో ప్రత్యేకమైన మొగ్గేమీ కనిపించలేదని ఒప్పుకుంది. వారి నైతికత గురించి అదే చోట పరుషమైన మాటలూ రాసింది. సెల్ఫ్ సపోర్టర్ల కొడుకులకు ప్రాథమిక విద్య తప్పనిసరి కావడంతో, చదువులో వారు నాటి భారతదేశపు సగటు కంటే ముందున్నారని కూడా పేర్కొంది.

లెక్కలు ఏమంటున్నాయి?

ఇంతమాత్రాన సామెత తప్పని కొట్టిపారేయలేం. 1961లో దక్షిణ లండన్‌లో 411 మంది బాలురతో మొదలైన కేంబ్రిడ్జ్ అధ్యయనం వారిని దశాబ్దాల పాటు గమనించింది. తండ్రికి శిక్ష పడిన కుటుంబాల్లో 63 శాతం మంది కొడుకులకు కూడా శిక్ష పడింది. మిగతావారిలో అది 30 శాతం. మొత్తం శిక్షల్లో సగం కేవలం 6 శాతం కుటుంబాలకు చెందినవే. అంటే తండ్రికీ కొడుకుకూ మధ్య సంబంధం నిజంగానే ఉంది. తండ్రికి శిక్ష పడినా తమ మీద ఏ నేరమూ రుజువు కానివారు మూడో వంతుకు పైగా ఉన్నారన్నది కూడా అంతే నిజం.

ఈ సంబంధం రక్తం ద్వారా వచ్చిందా, పెంపకం ద్వారానా? దీన్ని విడదీయడానికి డెన్మార్క్‌లో 1924-1947 మధ్య దత్తతకు వెళ్లిన 14,427 మంది వివరాలను మెడ్నిక్ బృందం పరిశీలించి 1984లో ప్రచురించింది. కన్నవారికి గానీ పెంచినవారికి గానీ శిక్ష పడని సందర్భంలో దత్త కొడుకుల్లో 13.5 శాతం మందికి శిక్ష పడింది. పెంచినవారికి మాత్రమే పడి ఉంటే 14.7 శాతం, కన్నవారికి మాత్రమే పడి ఉంటే 20 శాతం, ఇరువురికీ పడి ఉంటే 24.5 శాతం. కన్నవారి ప్రభావం ఉన్న మాట వాస్తవమే. అయితే అది ఆస్తి నేరాల్లోనే కనిపించింది, హింసాత్మక నేరాల్లో కనిపించలేదు. కన్నవారికి శిక్ష పడి, పెంచినవారికి పడని ఇళ్లలో కూడా ప్రతి పదిమంది దత్త కొడుకుల్లో ఎనిమిది మంది చట్టం దాటలేదు. వారసత్వం ఒక మొగ్గును మాత్రమే ఇస్తుంది.

నడవడి చేరే మూడు దారులు

మొదటిది అనుకరణ. 1961లో ఆల్బర్ట్ బండూరా బృందం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీలోని 72 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. ఒక పెద్ద మనిషి గాలి బొమ్మను కొట్టడం, తన్నడం కొందరు పిల్లలు చూశారు. తర్వాత వారిని బొమ్మతో వదిలితే అవే దెబ్బలు, అవే మాటలు వారి దగ్గరా కనిపించాయి. చెప్పిన నీతి కంటే చూసిన పనే పిల్లలకు ముందు అంటుకుంటుంది.

రెండోది రోజువారీ గొడవల్లోని లాభనష్టాలు. దుకాణంలో పిల్లవాడు చాక్లెట్ కోసం ఏడుస్తాడు. తల్లి వద్దంటుంది. ఏడుపు పెరుగుతుంది. నలుగురూ చూస్తున్నారని ఆమె కొనిచ్చేస్తుంది. ఏడుపు ఆగిపోతుంది. గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందని పిల్లవాడు నేర్చుకున్నాడు. లొంగిపోతే ప్రశాంతత వస్తుందని తల్లి నేర్చుకుంది. మరో రోజు తండ్రి చెయ్యి చేసుకుంటే పిల్లవాడు నోరు మూస్తాడు. బలం వాడితే గెలవొచ్చన్నది అప్పటి పాఠం. ఒరెగాన్‌లో పరిశోధించిన జెరాల్డ్ ప్యాటర్సన్ దీన్ని ‘బలవంతపు వలయం’గా వర్ణించారు. ఇందులో పిల్లలు తల్లిదండ్రులను మారుస్తారు, తల్లిదండ్రులు పిల్లలను మారుస్తారు.

మూడోది ఆత్మనిగ్రహం. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మందిని శాస్త్రవేత్తలు నేటికీ గమనిస్తున్నారు. మొదటి పదేళ్లలో ఆత్మనిగ్రహం తక్కువగా ఉన్న పిల్లలకు 32 ఏళ్ల వయసుకు ఆరోగ్య సమస్యలు, ఆర్థిక ఇబ్బందులు, నేర శిక్షలు ఎక్కువగా ఉన్నాయని 2011లో వెల్లడైంది. కుటుంబ ఆదాయం, తెలివితేటల తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ సంబంధం నిలిచింది. నిలకడైన దినచర్య, మాట మీద నిలబడే పెద్దలు ఉన్న ఇల్లు ఈ నిగ్రహానికి తొలి బడి.

పోర్ట్ బ్లెయిర్‌లో ఏం భిన్నంగా జరిగింది?

ఖైదీల వలసను ప్రయోగశాలతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. అక్కడ పెళ్లికి అనుమతి పొందింది ఏళ్ల తరబడి సత్ప్రవర్తన చూపినవారే. వారిలో చాలామందిది జీవితంలో ఒక్కసారి జరిగిన నేరం, అలవాటుగా చేసేది కాదు. అన్నిటికీ మించి, పిల్లలు పుట్టేసరికి తండ్రి చేసిన నేరం పాత కథ. పిల్లవాడు రోజూ చూసింది పొద్దున్నే పొలానికి వెళ్లే మనిషిని.

ఈ తేడా ఎంత ముఖ్యమో కేంబ్రిడ్జ్ సమాచారాన్నే వాడిన జోసెఫ్ ముర్రే, డేవిడ్ ఫారింగ్టన్‌ల 2005 పరిశోధన చూపింది. తల్లి లేదా తండ్రి పిల్లవాడు పుట్టకముందే జైలు నుంచి వచ్చేసిన కుటుంబాలతో పోలిస్తే, పదేళ్లలోపు వయసులో అమ్మనో నాన్ననో జైలు తీసుకెళ్లిన బాలురు తర్వాతి కాలంలో ఎక్కువగా దారి తప్పారు. స్టాక్‌హోమ్‌లో 1953లో పుట్టిన పిల్లల మీద ఇదే పరిశీలన చేస్తే, తల్లిదండ్రుల నేరచరిత్రను లెక్కలోకి తీసుకున్నాక జైలు ప్రభావం విడిగా మిగల్లేదు. ఇలాంటి కుటుంబాన్ని సమాజం, ప్రభుత్వం ఎలా చూస్తాయన్నది కూడా ఫలితాన్ని మార్చవచ్చని పరిశోధకులు భావించారు.

ముద్ర బరువు

పోర్ట్ బ్లెయిర్‌లో చాలామంది తండ్రులు ఖైదీలే కాబట్టి, ‘ఖైదీ కొడుకు’ అన్న మాటకు పదును లేకుండా పోయింది. బయట ఆ మాట ఎంత కోస్తుందో తెలుగువారికి స్టూవర్టుపురం చెబుతుంది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్ అది. అదే సంస్థ 1926లో భాంతు కుటుంబాలను ఉత్తరాది నుంచి అండమాన్‌కు తీసుకెళ్లింది. 1952లో ఆ చట్టం పూర్తిగా పోయినా స్టూవర్టుపురం పేరు వినగానే అనుమానించే అలవాటు పోలేదు. ఆ ముద్రను చెరిపేందుకు లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడ ఏళ్ల తరబడి పనిచేయాల్సి వచ్చింది. తొలిసారి శిక్ష పడి పేరు బయటపడ్డాక బాలురు తప్పుడు పనులను తగ్గించకపోగా పెంచారని ఫారింగ్టన్ 1977లోనే గుర్తించారు. పిల్లవాడి మీద వేసే ముద్ర కూడా ఒక రకమైన పెంపకమే.

ఇంట్లో ఏం చేయవచ్చు?

తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తే పిల్లల మొండితనం, దూకుడు తగ్గుతాయని అనేక ప్రయోగాలు నిరూపించాయి. సూత్రాలు సులువైనవే. మంచి పని చేసినప్పుడు అప్పటికప్పుడు ఏది బాగుందో చెప్పాలి. నియమాలు కొన్నే ఉండాలి, అవి రోజుకో రకంగా మారకూడదు. ఏడుపుకు లొంగకూడదు, చెయ్యెత్తకూడదు. తప్పు చేసింది పెద్దవారైతే పిల్లల ఎదుటే ఒప్పుకుని సరిదిద్దుకోవాలి. ఎందుకంటే సరిదిద్దుకోవడాన్ని కూడా పిల్లలు చూసే నేర్చుకుంటారు.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకారుల మనవలు, ఒకనాటి ఖైదీల మునిమనవలు నేడు ఒకే పట్టణంలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. దూడ ఆవు వెంటే నడుస్తుందన్నది నిజమే. కానీ ఆవు ఒకప్పుడు ఎక్కడ మేసిందన్నది దూడకు తెలియదు. ఈ రోజు అది ఎటు నడుస్తోందన్నదే దూడ చూస్తుంది.