ట్రాక్టరు ఫ్లైవీలు: అరుగుదల, సంరక్షణము, మార్పు

క్లచ్చు ప్లేటు కాలిపోయినప్పుడు దానిని మాత్రము మార్పించి, దాని కెదురుగా నున్న ఫ్లైవీలును చూడకయే బండిని మరల బిగింపించుట మన గ్రామములలో వాడుకయై యున్నది. ఇందువలన సభ్యులకు గలుగు నష్టమును మే మనేక పర్యాయములు చూచియున్నాము. దమ్ములు సాగుచుండగా ట్రాక్టరు నాలుగు దినములు షెడ్డులో నిలిచినచో నారు ముదురును, కాలువనీటి వంతు దాటిపోవును. కావున ఈ నెల ఫ్లైవీలును గూర్చి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

కుమ్మరి సారెను చూచిన వారికి దీని పని వేరుగ చెప్ప నక్కరలేదు. కుమ్మరి కఱ్ఱతో సారెను త్రిప్పి విడుచును. పిమ్మట దాని బరువే దానిని త్రిప్పును. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒక్కమారు మాత్రమే బలమిచ్చును. మన ట్రాక్టర్లలో పెక్కు మూడు సిలిండర్లవి. వానిలో ఒక తోపునకును మఱియొక తోపునకును నడుమ కొంత వెలితి యుండును. క్రాంకుషాఫ్టు వెనుక కొనకు బిగించిన యీ బరువైన పోతయినుప చక్రమే ఆ వెలితిని పూడ్చును. దీని అంచున తొడిగిన రింగుగేరు పండ్లను పట్టి స్టార్టరు ఇంజనును త్రిప్పును. దీని నున్నని ముఖముపై ఒత్తుకొని క్లచ్చు ప్లేటు బలమును గేరుపెట్టె కందించును. అరుగుదల ముఖ్యముగ ఈ రెండుచోట్లనే కలుగును.

ముఖము చెడుటకు కారణము వేడి. క్లచ్చు పూర్తిగా పట్టినప్పుడు ప్లేటును చక్రమును ఒక్క వేగముతో తిరుగును గనుక రాపిడి లేదు. సగము పట్టి సగము వదలినప్పుడు ఒకటి రెండవదానిపై జాఱును. ఇంజను బలములో కొంత వేడియై చక్రమున కెక్కును. బురదలో దిగబడిన ట్రాక్టరును పెడలుతో ఊగించి ఊగించి లేపుట, ధాన్యపు ట్రాలీని కాలువగట్టు ఎక్కునప్పుడు బ్రేకుతో గాక క్లచ్చుతో నిలుపుట, దున్నుచున్నంతసేపు ఎడమకాలిని పెడలుపై మోపియుంచుట, ఇవి మూడును చక్రమునకు శత్రువులు. వీనిలో కడపటిది మిక్కిలి చెడ్డది. ఏలయన డ్రైవరునకు తాను త్రొక్కుచున్నట్లే తెలియదు. పెడలునకు కొంత వదులుండవలెను. అనేక ట్రాక్టర్లలో అది రమారమి 20 మొదలు 40 మిల్లీమీటర్లు; మీ బండి పుస్తకములోని కొలతయే ప్రమాణము. ప్లేటు అరిగినకొలది ఈ వదులు తగ్గును. వదులు లేని పెడలు ఎల్లవేళల కొంచెము త్రొక్కినట్లే యుండును. వారమున కొకమారు కొలిచి సరిచేయుట ఐదు నిమిషముల పని.

బండిని నడుమకు విడదీసి ప్రెషరు ప్లేటును ఊడదీసిన దినమున యజమాని స్వయముగా దగ్గఱ నుండవలెను. మొదట దుమ్మును గాలితో ఊదనీయరాదు. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి చక్రమును వెలుతురులో చూడుడు. నీలిమచ్చలు కనబడినచో అచ్చట ఇనుము మిక్కిలి కాగి చల్లారి గట్టిపడెనని తెలియవలెను. గోటితో గీచినప్పుడు గాడి తగిలినచో ప్లేటు రివెట్లు చక్రమును కోసినవని యర్థము. ఇట్టి ముఖమునకు క్రొత్త ప్లేటును బిగించినచో అది అచ్చటచ్చట మాత్రమే తాకి, బండి కదలునపుడు వణకును. ప్లేటు త్వరలోనే మరల కాలును. ముఖమును గ్రైండింగు చేయింపవలెను. లేతుపై కోయించుట చౌకయే గాని గట్టిమచ్చలపై పనిముట్టు ఎగిరి అవి మిట్టలుగ మిగులును. అంచు మెట్టుగానున్న చక్రములలో మెట్టును ముఖమును సమానముగ తీయింపవలెను. లేనిచో ప్రెషరు ప్లేటు ఒత్తిడి మారును. కనీసపు మందము పుస్తకములో నుండును. అంతకు తగ్గినచో క్రొత్తదే కొనవలెను.

వెంట్రుకవంటి నెఱ్ఱెలు గ్రైండింగుతో పోయినచో భయములేదు. బోల్టు రంధ్రము దాకనో అంచు దాకనో ప్రాకిన బీట కనబడినచో ఆ చక్రము పాత ఇనుము క్రిందనే లెక్క. వెల్డింగు చేసి యిత్తునను మేస్త్రీ మాట వినరాదు. నిమిషమునకు రెండువేల చుట్లు తిరుగు చక్రము పగిలినచో ముక్కలు హౌసింగును చీల్చుకొని డ్రైవరు కాళ్లమీదికి రాగలవు.

మాకు తెలిసిన యొక బండికి ఒక్క సార్వాలోనే రెండు ప్లేట్లు మారినవి. రెండవదానిని విప్పినప్పుడు చూడగా అది నూనెతో తడిసియుండెను. క్రాంకుషాఫ్టు వెనుకనున్న ఆయిలుసీలు చెడి యింజనునూనె చక్రముపైకి కారుచుండెను. ఆ సీలు ఖరీదు ప్లేటు ఖరీదులో కొద్దిపాటి భాగము. హౌసింగు అడుగునగల చిన్న రంధ్రమును మట్టితో మూసుకొనిపోనీయక యుంచినచో ఇట్టి కారుట ముందే తెలియును. కారునది పలుచగ నల్లగ నున్నచో ఇంజనునూనె యనియు, చిక్కగ ఘాటువాసనతో నున్నచో గేరునూనె యనియు సాధారణముగ గుర్తింపవచ్చును.

ఇక పండ్ల సంగతి. ఆగుచున్న ఇంజను కంప్రెషనుకు ఎదురాడి నిలుచును గనుక మూడు సిలిండర్ల బండిలో రింగుగేరు మూడుచోట్లను, నాలుగు సిలిండర్లదానిలో రెండుచోట్లను హెచ్చుగ అరుగును. అందుచేతనే స్టార్టరు ఒకప్పుడు పట్టి యొకప్పుడు గరగరమని జాఱును. నీరసించిన బ్యాటరీయు, ఇంజను పూర్తిగ నిలువకముందే మీట నొక్కుటయు దీనికి ముఖ్యకారణములు. రింగును మాత్రము మార్పవచ్చును. క్రొత్త రింగును రమారమి 200 డిగ్రీలకు సమానముగ కాచి తొడిగినచో చల్లారి బిగియును. కొలిమిలో ఎఱ్ఱగ కాల్చినచో పండ్ల పదును పోవును. పినియను కూడ అరిగియున్నచో రెంటిని ఒక్కసారియే మార్పవలెను.

కారుగల సభ్యులకు ఒక మాట. నేటి డీసెలు కార్లు కొన్నింటిలో రెండు చక్రముల నడుమ స్ప్రింగులు పెట్టిన ఫ్లైవీలుండును. అట్టిదానిలో స్ప్రింగులు చెడినచో గ్రైండింగు పనిచేయదు, మొత్తము మార్పవలసినదే. కారు ఖాళీగా ఆడుచున్నప్పుడు వినబడు కటకట ధ్వని దీని సూచనలలో నొకటి.

బిగించునపుడు పైలటు బేరింగును ఆయిలుసీలును క్రొత్తవి వేయింపుడు. విప్పకముందే చక్రమునకును షాఫ్టునకును గుర్తు పెట్టుకొని, బోల్టులను ఎదురెదురుగ టార్కు పానాతో పుస్తకములోని లెక్కకు బిగింపవలెను. ముఖముపై గ్రీజు వ్రేలిముద్రయైనను మిగులరాదు. క్రొత్త ప్లేటు ముఖమున కమరువఱకు, మొదటి రెండుమూడు దినములు, ట్రాలీ బరువు లాగింపక తేలికపనులే చేయింపుడు.