ఫోను మార్చే ముందు లెక్క చూసుకుందాం



గోస్పాడులో వరి పండించే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి జేబులో కీప్యాడ్ ఫోను ఉంది. "ఇంకా దాన్నెన్నాళ్లు మోస్తావు నాయనా? టచ్ ఫోను కొందాం" అంటున్నాడు కొడుకు. ఎరువుల అప్పు ఇంకా తీరలేదు. కొనాలా, వద్దా?

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగారు (లూకా 14:28). ఫోను విషయంలోనూ అదే చేద్దాం.

మొదట, ఉన్న ఫోనుతో ఏమేమి అవుతాయో చూడండి. 2022 మార్చిలో వచ్చిన యుపిఐ 123పే ద్వారా ఇంటర్నెట్ లేకుండానే ఫోన్ కాల్‌తో డబ్బు పంపవచ్చు. *99# నొక్కి ఖాతాలో ఎంత ఉందో తెలుసుకోవచ్చు. పైరుకు తెగులు సోకితే కిసాన్ కాల్ సెంటరుకు (1800-180-1551) ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగవచ్చు. మాటలు, మెసేజీలు చాలనుకునేవారికి ట్రాయ్ ఆదేశం మేరకు 2025 జనవరిలో డేటా లేని రీచార్జీలు కూడా వచ్చాయి.

అయితే కొన్ని పనులకు స్మార్ట్‌ఫోనే కావాలి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన 'మనమిత్ర' వాట్సాప్‌లో (9552300009) నడుస్తుంది. కరెంటు బిల్లు కట్టడం, ధృవపత్రాలు పొందడం వంటి పనులు ఇంటి నుండే అవుతాయి. నంద్యాలకు బస్సు చార్జీ, ఒక రోజు కూలి మిగలవచ్చు. దూరాన చదువుకునే బిడ్డ ముఖం చూస్తూ మాట్లాడవచ్చు. ఈ సంతోషాన్ని రూపాయల్లో లెక్కకట్టలేం.

ఇప్పుడు ఖర్చు చూడండి. 9,000 రూపాయల ఫోను మూడేళ్లు వాడితే నెలకు 250 రూపాయలు పడుతుంది. దానిపై డేటా రీచార్జి. 28 రోజుల ప్లాను వేయించుకుంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు కట్టాలి!

మరొక మాట. ఫోనుతోపాటు మోసగాళ్లు కూడా ఇంట్లోకి వస్తారు. తెలియని లింకు నొక్కితే, ఓటీపీ చెబితే, పంట డబ్బు నిమిషాల్లో పోవచ్చు. పిన్ నంబరు ఎవరికీ, చివరికి బ్యాంకు వారమని చెప్పేవారికి కూడా చెప్పకండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి.

కనుక ఒక నెలపాటు నోటుపుస్తకంలో రాయండి: స్మార్ట్‌ఫోను లేనందువల్ల ఎన్నిసార్లు పనులు మానుకుని తిరిగారు? ఎంత ఖర్చయింది? ఆ మొత్తం ఫోను ఖర్చుకంటే ఎక్కువైతే ధైర్యంగా కొనండి. తక్కువైతే పాతదే చాలు. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోండి:

1. ఈ ఫోను మనకు అవసరమా, లేక పొరుగింట్లో ఉందనా?
2. అప్పు చేయకుండా కొనగలమా?
3. పెద్దవాళ్లకు ఓపికగా నేర్పేదెవరు?

మూడవ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే నంద్యాల దుకాణానికి బయలుదేరండి.