నమ్మకం – ప్రశ్న

తత్వశాస్త్రం అనే మాట వింటే అదేదో పెద్ద చదువులు చదివినవాళ్లకే అనిపిస్తుంది. కాని అందులో ఉండేవి అందరికీ వచ్చే ప్రశ్నలే. ఈ లోకం ఎలా పుట్టింది? మంచి అంటే ఏమిటి? చెడు ఎందుకు ఉంది? దేవుడు ఉన్నాడా? ఇలాంటి ప్రశ్నలకు ఆలోచించి జవాబు వెతకడమే తత్వశాస్త్రం.

యూరప్‌లో ఒకప్పుడు ఒక చిక్కు వచ్చింది. దేవుణ్ణి నమ్మినవాడు ప్రశ్న అడగవచ్చా? అడిగితే నమ్మకం పోతుందా? ఈ చిక్కు విప్పడానికి అక్కడివాళ్లు వందల ఏళ్లు తంటాలు పడ్డారు. అదేమిటో చూద్దాం.

చిన్న గుంపు పెద్ద మతమైంది

సుమారు 2000 ఏళ్ల కిందట పాలస్తీనా రోము సామ్రాజ్యం కింద ఉండేది. అక్కడ యేసు బోధలు చేశారు. రోము అధికారులు ఆయన్ని సిలువ వేశారు. తర్వాత ఆయన శిష్యులు ఊరూరా తిరిగి బోధించారు. వాళ్ల మాట విన్నవాళ్లలో బానిసలు ఉన్నారు, ఆడవాళ్లు ఉన్నారు, చేతిపనివాళ్లు ఉన్నారు. తమలోని పేదలను, రోగులను, దిక్కులేనివాళ్లను వాళ్లు ఆదుకునేవాళ్లు. ఇది చూసి ఇంకా చాలామంది చేరారు.

రోము దేవతలకు బలులు ఇవ్వడానికి క్రైస్తవులు ఒప్పుకోలేదు. అందుకని హింసలు పడ్డారు. క్రీ.శ. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి వాళ్ల ప్రార్థనా స్థలాలను కూల్చమన్నాడు. వాళ్ల గ్రంథాలను తగలబెట్టమన్నాడు.

పదేళ్లలో కాలం మారింది. 313లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కాలంలో క్రైస్తవులకు స్వేచ్ఛ దొరికింది. 380లో థియొడోసియస్ చక్రవర్తి క్రైస్తవాన్ని రాజ్య మతం చేశాడు. కొన్నాళ్లకు పాత దేవతల పూజలు ఆపమని ఆజ్ఞ ఇచ్చాడు. నిన్నటిదాకా దెబ్బలు తిన్న మతానికి ఇప్పుడు అధికారం వచ్చింది.

అగస్టీన్ పడ్డ బాధ

అగస్టీన్ 354లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పటి అల్జీరియా దేశంలో ఉంది. తల్లి మోనికా క్రైస్తవురాలు. కొడుక్కి మాత్రం చాలాకాలం ఆ మతం రుచించలేదు. ఒక ప్రశ్న అతన్ని పీడించింది. దేవుడు మంచివాడు కదా, మరి లోకంలో చెడు ఎక్కడి నుంచి వచ్చింది?

గ్రీకు దేశపు జ్ఞాని ప్లేటో దారిలో నడిచినవాళ్ల పుస్తకాలు అతను చదివాడు. అప్పుడు ఒక జవాబు తోచింది. చీకటి అనేది వేరే వస్తువు కాదు. వెలుగు లేకపోవడమే చీకటి. అలాగే మంచి లోపించడమే చెడు. దేవుడు చెడును చేయలేదు.

386లో అగస్టీన్ క్రైస్తవుడు కావాలని నిశ్చయించుకున్నాడు. తర్వాత హిప్పో పట్టణానికి బిషప్ అయ్యాడు. ముందు నమ్మాలి, తర్వాత ఆ నమ్మకాన్ని బుద్ధితో అర్థం చేసుకోవాలి అని ఆయన బోధించాడు. ఆయన 430లో చనిపోయాడు. కాని ఈ మాట పడమటి యూరప్‌ను వందల ఏళ్లు నడిపించింది.

మఠాల్లో మిగిలిన చదువు

476లో పడమటి రోము సామ్రాజ్యం కూలిపోయింది. పట్టణాలు చిన్నవైపోయాయి. బడులు తగ్గిపోయాయి. అప్పుడు చదువును కాపాడింది ఎక్కువగా క్రైస్తవ మఠాలే. 529 ప్రాంతంలో బెనెడిక్ట్ అనే సన్యాసి ఇటలీలో మోంటె కసీనో కొండ మీద మఠం పెట్టాడు. అక్కడి సన్యాసులకు రోజూ ప్రార్థన, ఒళ్లు వంచి చేసే పని, చదువు మూడూ ఉండేవి.

అప్పటికి యూరప్‌లో అచ్చు యంత్రం లేదు. గొర్రె తోలు, దూడ తోలు శుభ్రం చేసి దాని మీద చేత్తో రాసేవాళ్లు. ఒక్క పుస్తకానికి ఎన్నో తోళ్లు కావాలి. నెలల తరబడి కష్టపడాలి. ఆ పుస్తకాలు లాటిన్ భాషలో ఉండేవి. పొలంలో పనిచేసే రైతుకు ఆ అక్షరాలు రావు. చదువు బతికింది, కాని కొద్దిమంది దగ్గరే ఉండిపోయింది.

అవును – కాదు

పీటర్ అబెలార్డ్ 1079లో ఫ్రాన్సులో పుట్టాడు. పారిస్‌లో పాఠాలు చెప్పాడు. ఆయన 158 ప్రశ్నలతో ఒక పుస్తకం తయారు చేశాడు. దాని పేరుకు ‘అవును, కాదు’ అని అర్థం. ఒక్కొక్క ప్రశ్న మీద మత పెద్దలు చెప్పిన మాటలను పక్కపక్కన పెట్టాడు. ఒకరు అవునంటే ఇంకొకరు కాదన్నట్టు కనిపించేది. ఏది సరైనదో ఆయన చెప్పలేదు. మీరే ఆలోచించండి అని విద్యార్థులకు వదిలేశాడు. సందేహం వస్తేనే వెతుకుతాం, వెతికితేనే నిజం దొరుకుతుంది అని ఆయన నమ్మకం. ఇది చాలామంది పెద్దలకు నచ్చలేదు. ఆయన బోధల్లో కొన్నింటిని సభ పెట్టి తప్పుపట్టారు.

తిరిగి వచ్చిన అరిస్టాటిల్

ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్. ఆయన రాసినవాటిలో చాలా భాగం పడమటి యూరప్‌లో దొరకకుండా పోయింది. కాని బాగ్దాద్ పండితులు వాటిని అరబ్బీలోకి మార్చుకున్నారు. ఆ పని చేసినవాళ్లలో క్రైస్తవులు కూడా ఉన్నారు. ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్ అనే ముస్లిం పండితులు అరిస్టాటిల్‌ను లోతుగా చదివి గొప్ప పుస్తకాలు రాశారు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడో నగరంలో అరబ్బీ పుస్తకాలను లాటిన్‌లోకి తెచ్చారు. ఒక మతంవాళ్లు దాచిన జ్ఞానం ఇంకో మతంవాళ్లకు అందింది.

అక్కడే గొడవ మొదలైంది. లోకానికి మొదలు లేదని అరిస్టాటిల్ అన్నాడు. దేవుడే లోకాన్ని సృష్టించాడని బైబిలు చెబుతుంది. 1210లో పారిస్‌లో మత పెద్దలు ప్రకృతి గురించి అరిస్టాటిల్ రాసిన పుస్తకాలను చదవకూడదన్నారు. ఆ ఆజ్ఞ నిలవలేదు. 45 ఏళ్లు తిరిగేసరికి, 1255లో, అవే పుస్తకాలు పారిస్ విశ్వవిద్యాలయంలో పాఠాలయ్యాయి.

థామస్ చూపిన దారి

థామస్ అక్వినాస్ ఇటలీలో గొప్ప ఇంట్లో పుట్టాడు. సన్యాసం తీసుకుంటానంటే ఇంటివాళ్లు ఏడాది పాటు నిర్బంధించారు. అయినా పట్టు వదల్లేదు. భారీ మనిషి, మితభాషి. తోటి విద్యార్థులు ‘మూగ ఎద్దు’ అని ఎగతాళి చేసేవాళ్లట.

బుద్ధిని ఇచ్చిందీ దేవుడే, గ్రంథాన్ని ఇచ్చిందీ దేవుడే, మరి ఆ రెంటికీ నిజమైన తగవు ఎలా ఉంటుంది అని థామస్ అన్నాడు. దేవుడు ఉన్నాడని కూడా తర్కంతో చూపబోయాడు. కర్ర కదిలితే దాన్ని చెయ్యి కదిలిస్తోంది. ఇలా వెనక్కి వెళితే అన్నింటినీ కదిలించే మొదటిది ఒకటి ఉండాలి, అదే దేవుడు అన్నాడు. ఈ వాదం సరికాదన్నవాళ్లు తర్వాత చాలామంది ఉన్నారు.

ఆయన రాసే పద్ధతి ముఖ్యమైనది. ముందు ప్రశ్న పెడతాడు. తనకు ఎదురు వాదాలను వరసగా చెబుతాడు. ఆ తర్వాతే తన జవాబు చెబుతాడు. చివరికి ఒక్కొక్క ఎదురు వాదానికీ సమాధానం ఇస్తాడు. ఎదుటివాళ్ల మాటను ముందుగా చెప్పడాన్ని మన పండితులు పూర్వపక్షం అంటారు.

థామస్ 1274లో చనిపోయాడు. మూడేళ్లకు పారిస్ బిషప్ 219 వాక్యాలను బోధించకూడదని నిషేధించాడు. వాటిలో కొన్ని థామస్ ఆలోచనలకు దగ్గరగా ఉన్నాయి. 1323లో అదే చర్చి ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది.

నమ్మకం మనిషికి ధైర్యం ఇస్తుంది. ప్రశ్న మనిషికి చూపు ఇస్తుంది. పుస్తకాలు కాల్చినవాళ్లూ, నిషేధించినవాళ్లూ ప్రశ్నను ఆపలేకపోయారు. చేతులు నొప్పిపుట్టేలా అక్షరాలు రాసి దాచినవాళ్ల కష్టమే మిగిలింది.

కొత్త మాటలు

మఠం – సన్యాసులు కలిసి ఉండే చోటు
బిషప్ – ఒక ప్రాంతంలోని క్రైస్తవులకు మత పెద్ద
తర్కం – కారణాలు చూపుతూ వాదించడం
పునీతుడు – పవిత్రుడని చర్చి ప్రకటించిన మనిషి

ఆలోచించండి – చర్చించండి

1. అగస్టీన్‌ను పీడించిన ప్రశ్న ఏమిటి? ఆయన జవాబు మీకు సరిపోయిందా?
2. అరిస్టాటిల్ పుస్తకాలు యూరప్‌కు ఏ దారిన తిరిగి వచ్చాయి?
3. మీ ఊళ్లో ఒక తగవు తీసుకోండి. ముందు ఎదుటివాళ్ల మాటను వాళ్లు ఒప్పుకునేలా చెప్పండి. తర్వాత మీ మాట చెప్పండి.